కరువు నేలలో పచ్చని చారలు: సెల్యులర్ ఆటోమేటాతో మీ కంప్యూటర్‌లో పుట్టించడం ఎలా?

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా. గట్టి వాన వెలిసిన వెంటనే అక్కడికి వెళ్ళి ఒక అరగంట నిలబడి చూడండి. మొక్క లేని చోట నీరు ఆగదు. నేల మీద సన్నటి ఎర్రటి పాయలుగా జారిపోతూ, పాత గాడులను ఇంకాస్త కోసుకుంటూ పోతుంది. అదే నీరు ఒక పొద మొదట్లోకి చేరితే నెమ్మదిస్తుంది. రాలిన ఆకులు, వేళ్ళు, చీమల కన్నాలు దాన్ని లోపలికి లాగేసుకుంటాయి. పొదకు ఒక బారెడు దిగువన మాత్రం మళ్ళీ పొడి నేలే.

ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క దృశ్యం మీదే నడుస్తుంది. మొక్క తన పక్క మొక్కకు మేలు చేస్తుంది, కాస్త దూరాన ఉన్న మొక్క నోటి దగ్గర నీరు లాక్కుంటుంది. దగ్గర సాయం, దూరం పోటీ. ఈ రెండే చాలు, ఎవరూ గీయకుండానే మైళ్ళ కొద్దీ నేల మీద చారలూ చుక్కలూ పుట్టడానికి.

విశాఖలో అలాంటి చారలు కనిపించవు. ఇక్కడ రెండు రుతుపవనాల వాన పడుతుంది, నేల మొత్తం పచ్చబడిపోతుంది. చారలు రావాలంటే మొక్క బతకడానికి సరిపడా వాన ఉండాలి గాని, నేలంతా కప్పుకోవడానికి సరిపడా ఉండకూడదు. ఆఫ్రికాలోని నైజర్‌లో నియమే నగరం చుట్టుపక్కల మెట్టల మీద ఇవి ప్రసిద్ధం. పై నుంచి చూస్తే పులి చర్మం పరిచినట్టు ఉంటుందని వాటికి పులి పొదలని పేరు. 1950లో మెక్‌ఫాడియన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు సోమాలీ నేల వైమానిక ఫొటోలు చూసి ఈ ఆకారాలను వివరంగా రాశాడు. నేల మీద నడిచే మనిషికి అవి కనిపించవు. ఒక పొదల వరస, తర్వాత బోడి నేల, మళ్ళీ పొదలు, అంతే అనిపిస్తుంది. వాలు కూడా కంటికి ఆననంత తక్కువ. తరచు నూరు మీటర్లకు ఒక మీటరు కూడా ఉండదు.

నేను దీంట్లోకి దిగింది మా మేనకోడలి ఎమ్మెస్సీ ప్రాజెక్టు వల్ల. మాకు తగిలిన ఎదురుదెబ్బలు మీకు తగలకుండా, చేసిన వరసలోనే చెబుతాను. మామూలు ల్యాప్‌టాప్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అందులో లెక్కల కోసం నంపై, సైపై లైబ్రరీలు, బొమ్మ చూడటానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉంటే చాలు.

మొదటి అడుగు: నేలను గళ్ళుగా కోయండి

సెల్యులర్ ఆటోమేటా అంటే భయపడాల్సింది ఏమీ లేదు. లెక్కల పుస్తకంలోని గళ్ళ కాగితం ఊహించుకోండి. ప్రతి గడిలో 1 గాని 0 గాని ఉంటుంది. 1 అంటే మొక్క, 0 అంటే బోడి నేల. ప్రతి గడీ తన చుట్టూ ఉన్న గడులను చూసుకుని, వచ్చే విడతలో తాను ఏమవ్వాలో తేల్చుకుంటుంది. అన్ని గడులకూ ఒకటే నియమం. 1970లో ప్రపంచానికి తెలిసిన, గణితజ్ఞుడు కాన్వే ‘లైఫ్’ ఆట ఈ జాతిదే.

200 వరసలు, 200 నిలువుల పటం తీసుకోండి. అంచుల సంగతి ముందే తేల్చుకోవాలి. పటం కుడి అంచు ఎడమ అంచుతో, పై అంచు కింది అంచుతో అతుక్కుని ఉన్నట్టు పెట్టండి. లేకపోతే అంచున ఉన్న గడులకు పోటీదారులు తక్కువై, అక్కడ మొక్కలు దట్టంగా పెరిగి, ఆ తప్పుడు పచ్చదనం లోపలికి పాకుతుంది.

మొదటి విడతకు నాణెం ఎగరేసినట్టు సగం గడుల్లో మొక్క పెట్టండి. రాండమ్ సీడ్ (కంప్యూటర్ యాదృచ్ఛిక సంఖ్యలు మొదలుపెట్టే సంఖ్య) ఏదో ఒకటి రాసి ఉంచుకోండి, రేపు అదే బొమ్మ మళ్ళీ తెప్పించుకోవాలంటే అది కావాలి.

రెండో అడుగు: నియమం

ఇక్కడ తొందరపడకండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. జంతువుల చర్మం మీది మచ్చల కోసం డేవిడ్ యంగ్ 1984లో ఒక నియమం ఇచ్చాడు. దాని వెనుక గణితజ్ఞుడు ట్యూరింగ్ 1952 నాటి ఆలోచన ఉంది. అదే పద్ధతిని మొక్కలకు వాడుకుందాం.

ఒక గడి మధ్యలో నిలబడండి. అడ్డంగా ఎన్ని గడులు, నిలువుగా ఎన్ని గడులు దూరమో లెక్కపెట్టి, రెండింటి వర్గాలు కలపండి. ఆ మొత్తం 5 లేదా అంతకు తక్కువైతే అది దగ్గరి గడి. అలాంటివి, మీరు నిలబడిన గడితో కలిపి, సరిగ్గా 21. మొత్తం 6 నుంచి 36 వరకు ఉంటే దూరపు గడి. అలాంటివి 92. ఈ రెండు సంఖ్యలూ మీ ప్రోగ్రామ్‌లో రాకపోతే అక్కడే ఆగి సరిచేయండి.

ఇప్పుడు స్కోరు. దగ్గరి గడుల్లో ఉన్న మొక్కల సంఖ్యలోంచి, దూరపు గడుల్లో ఉన్న మొక్కల సంఖ్యను 21/92తో గుణించి తీసేయండి. 21/92 ఎందుకంటే, నేలంతా మొక్కలుంటే సాయం, పోటీ సరిగ్గా సమానమై స్కోరు సున్నా అవుతుంది. తక్కెడ సమంగా నిలబడిందన్నమాట. ఇక దాన్ని వంచేది వాన ఒక్కటే.

ఆ వాన కోసం ఒక సంఖ్య పెట్టుకుందాం. దాన్ని కరువు గీటు అంటాను. స్కోరు గీటు కంటే ఎక్కువైతే ఆ గడి వచ్చే విడతలో మొక్క. తక్కువైతే బోడి నేల. సమానమైతే ఉన్నదే ఉంటుంది. గీటు ఎంత పైకి లేస్తే కరువు అంత ఎక్కువ. సున్నా కంటే కిందికి దిగితే మంచి వానలు.

రెండు జాగ్రత్తలు. 21/92 దశాంశంగా రాస్తే సమానం కావాల్సిన చోట కూడా చివరి అంకెలో తేడా వచ్చి గడి అటో ఇటో ఒరిగిపోతుంది. అందుకని అంతా 92తో గుణించేయండి. దగ్గరి లెక్క 92 రెట్లు, అందులోంచి దూరపు లెక్క 21 రెట్లు తీసి, 92 రెట్ల గీటుతో పోల్చండి. అన్నీ పూర్ణ సంఖ్యలే. రెండోది, చుట్టుపక్కల లెక్కకు సైపైలోని కన్వాల్వ్ వాడతారు కదా. పటాన్ని 8 బిట్ల పూర్ణాంకాలుగా ఉంచితే జవాబు కూడా 8 బిట్లలోనే వస్తుంది, 92 రెట్ల 21 అంటే 1932 అందులో పట్టదు. ఏ హెచ్చరికా లేకుండా పిచ్చి సంఖ్యలు వస్తాయి. ముందే 32 బిట్లకు మార్చుకోండి.

మూడో అడుగు: చేతి లెక్కతో పరీక్ష

చాలామంది దీన్ని వదిలేసి నేరుగా బొమ్మల్లోకి వెళ్ళిపోతారు. దయచేసి వెళ్ళకండి.

అంతా బోడిగా ఉన్న పటం మధ్యలో ఒక్క గుబురు పెట్టండి. మధ్య గడి, దాని చుట్టూ దగ్గరి గడులన్నీ, మొత్తం 21 మొక్కలు. గీటు 7 పెట్టి నడిపితే ఆ గుబురు ఎన్ని విడతలైనా కదలకుండా అలాగే ఉండాలి. దాని అంచు గడుల్లో అన్నిటికంటే బలహీనమైనదానికి దగ్గరలో 10 మొక్కలు, దూరంలో 11 ఉంటాయి. 10 లోంచి 11 × 21/92 తీస్తే సుమారు 7.49. గీటు 7 కదా, బతికింది.

ఇప్పుడు గీటు 8 పెట్టండి. ఆ బలహీనమైన 8 గడులూ మొదటి విడతలోనే పోతాయి. 13 మిగులుతాయి. తర్వాతి విడతలో నాలుగు కొసలూ రాలి 9 అవుతాయి, మూడు వరసల చిన్న చదరం. దాని మూలల స్కోరు సుమారు 7.77, అవీ పోతాయి. ప్లస్ గుర్తులా 5 మిగులుతాయి. ఐదింటికీ స్కోరు 5 మాత్రమే, ఒక్కసారిగా అన్నీ పోతాయి. 21, 13, 9, 5, 0. మీ ప్రోగ్రామ్ ఈ ఐదు సంఖ్యలూ ఇదే వరసలో చూపిస్తే నియమం సరిగ్గా రాశారు.

మేము ఈ పరీక్ష మొదట్లో చేయలేదు. నేరుగా 200 గడుల పటం నడిపాం. చుక్కలు రావలసిన చోట అన్నీ ఒకే వైపుకు వాలిన చారలు వచ్చాయి. “మామయ్యా, పులి చారలు! వాలు పెట్టకుండానే వచ్చేశాయి!” అని మేనకోడలు గట్టిగా అరిచింది. నాకూ సంతోషమే. ఆ బొమ్మ ప్రింటు తీసి గోడకు కూడా అంటించాం. రెండు రోజుల తర్వాత అనుమానం వచ్చి చూస్తే, పాత పటంలోనే కొత్త విలువలు రాసేస్తున్నాం. అంటే పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, పక్క గడి అప్పుడే మారిపోయిన విలువను ఈ గడి చూస్తోంది. మా వాలు నేలది కాదు, మేము గడులు చదివే వరసది. కొత్త పటం విడిగా పెట్టుకుని, అన్ని గడుల లెక్కా అయ్యాకే పాతదాని స్థానంలో పెట్టగానే చారలు మాయమయ్యాయి.

ఆ రోజు నుంచి మేము పెట్టుకున్న పద్ధతి ఇది: అందమైన బొమ్మ వస్తే, దాన్ని ఏ నియమం పుట్టించిందో ఆ నియమాన్ని తీసేసి మళ్ళీ నడపడం. అప్పుడూ బొమ్మ ఉంటే అది మొక్కల కథ కాదు, ప్రోగ్రామ్ కథ.

నాలుగో అడుగు: వానను తగ్గిస్తూ చూడండి

సగం నిండిన పటంతో మొదలుపెట్టి, గీటును మూడు విలువల దగ్గర నడపండి. ప్రతి దాంట్లో ఓ 50 విడతలు చాలు, సాధారణంగా అంతకు ముందే స్థిరపడుతుంది.

గీటు −3: పచ్చటి నేల మీద గుండ్రటి బోడి మచ్చలు. చిల్లులు పడ్డ దుప్పటిలా ఉంటుంది.

గీటు 0: పచ్చదనం, బోడి నేల సగం సగం, ఒకదాంట్లో ఒకటి మెలితిరిగిన పాయలు. మా అమ్మ చూసి “ముగ్గు చెరిగిపోయినట్టుందే” అంది.

గీటు 3: బోడి నేల మీద విడి విడి గుబుర్లు.

చిల్లులు, పాయలు, చుక్కలు. ఎండు నేలల మీద పరిశోధన చేసేవాళ్ళు వాన తగ్గే కొద్దీ వస్తాయని చెప్పే వరస సరిగ్గా ఇదే. చుక్కల తర్వాత ఎడారి. అందుకే ఒక ప్రాంతంలో పాయలు తెగి చుక్కలవుతుంటే అది పట్టించుకోవలసిన సూచన అని వాళ్ళు అంటారు.

కొన్ని గడులు స్థిరపడకుండా మిణుకు మిణుకుమంటూ ఉంటే, ప్రతి విడతలోనూ యాదృచ్ఛికంగా సగం గడులను మాత్రమే మార్చండి. అసలు నేల మీద కూడా మొక్కలన్నీ ఒకే క్షణంలో నిర్ణయం తీసుకోవు కదా. అయితే మూడో అడుగులోని పరీక్ష మాత్రం అన్ని గడులనూ ఒకేసారి మార్చే పద్ధతిలోనే చేయాలి.

ఇక దూరపు గడుల భారాన్ని సున్నా చేసి, సాయం మాత్రమే ఉంచి, గీటు 10 దగ్గర నడపండి. నడిపే కొద్దీ పెద్ద పెద్ద మడుగులుగా పచ్చదనం ముద్దకడుతుంది, కానీ వాటికి ఒక నిర్ణీత ఎడం ఉండదు. ఎడాన్ని నిర్ణయించేది పోటీయే.

ఐదో అడుగు: వాలు, పారే నీరు

వాలు మీద చారలు రావాలంటే పై నియమాన్నే సాగదీసి, పోటీని ఎగువ వైపుకు నెట్టి చేయవచ్చు. నైజర్ పొదల కోసం తియెరీ బృందం 1995లో చేసిన ఆటోమేటా దాదాపు ఆ దారిలోదే. కానీ నాకు నచ్చింది నీటినే పారించి చూడటం. డంకర్లీ అనే పరిశోధకుడు 1997లో ఆ దారి చూపించాడు. మనం ఎర్రమట్టి దిబ్బల మీద చూసింది కూడా పారే నీటినే.

పటం పై వరస ఎగువ, కింది వరస దిగువ. ప్రతి విడత ఒక సంవత్సరం. ప్రతి గడి మీద 1 పాలు వాన. బోడి గడి తనకు చేరిన నీటిలో 20 శాతం ఇంకించుకుంటుంది, మొక్క ఉన్న గడి 80 శాతం. మిగిలింది దిగువ వరసలోని మూడు గడులకు (సూటిగా కింద, దానికి అటూ ఇటూ) సమానంగా పంచండి. పై వరస నుంచి కిందికి వరస వరసగా లెక్క వేయాలి. ఈ శాతాలు ఏ పొలంలోనో కొలిచినవి కావు, మోడల్ కోసం నేను ఎంచుకున్నవి. మీ దగ్గర నిజమైన కొలతలుంటే అవే పెట్టండి.

చావు నియమం: ఇంకించుకున్న నీరు 1.1 కంటే తక్కువైతే మొక్క పోతుంది. పుట్టుక నియమం: బోడి గడికి చేరిన నీరు 3 లేదా అంతకు ఎక్కువ ఉండి, చుట్టూ ఉన్న 8 గడుల్లో కనీసం ఒక మొక్క ఉంటే, 30 శాతం అవకాశంతో అక్కడ మొక్క వస్తుంది. ఎక్కడైనా దూరం నుంచి విత్తనం ఎగిరొచ్చి పడటానికి వెయ్యికి ఒకటి అవకాశం ఇవ్వండి, అక్కడ కూడా నీరు 3 చేరితేనే.

ఒక్క నిలువు వరసలో కాగితం మీద చూద్దాం. చాలా దూరం బోడి నేలే ఉంటే, గడికి చేరే నీరు పెరుగుతూ పోయి 5 దగ్గర ఆగుతుంది. అందులో 1 ఇంకుతుంది, 4 పోతుంది, పైన 1 వాన చేరి మళ్ళీ 5. ఇప్పుడు మొక్కల పట్టీ వచ్చింది. మొదటి మొక్కకు 5 చేరితే 4 తాగేసి 1 వదులుతుంది. రెండోదానికి 2 చేరుతుంది, 1.6 తాగుతుంది. మూడోదానికి 1.4, తాగేది 1.12. నాలుగోది 1.28 లో 1.02 మాత్రమే తాగగలదు. 1.1 కావాలి, కాబట్టి చనిపోతుంది. పట్టీ వెడల్పు మూడు గడులు, మనం ఎక్కడా మూడు అని చెప్పకుండానే.

పట్టీ దిగువన బోడి నేల. మొదటి గడికి 1.28, రెండోదానికి 2.02, మూడోదానికి 2.62, నాలుగోదానికి 3.10. అంటే మూడు గడుల బోడి నేల దాటాకే మళ్ళీ మొక్క పుట్టగలిగేంత నీరు పోగవుతుంది. పట్టీల మధ్య ఎడం కూడా దానంతట అదే వచ్చేసింది. బోడి నేల ఇక్కడ పంట కోసం నీరు పోగుచేసే చెరువు పరీవాహకం లాంటిది. దాన్ని ఖాళీ స్థలమని ఎవరైనా నింపేస్తే కింది పట్టీ ఎండిపోతుంది.

ఈ లెక్కలోనే ఇంకో విషయం దాగి ఉంది. పట్టీకి ఆనుకుని ఎగువన ఉన్న బోడి గడికి నీరు బాగా చేరుతుంది, పక్కనే మొక్క కూడా ఉంది. కాబట్టి మొక్కలు అక్కడ పుడతాయి. దిగువ అంచున ఉన్నవి కొత్తగా వచ్చిన వాటి వల్ల నీరు దక్కక పోతాయి. ఏళ్ళు గడిచే కొద్దీ పట్టీ మొత్తం మెల్లగా ఎగువకు ఎక్కుతుంది. ఏ మొక్కా కదలదు, పట్టీ కదులుతుంది. అసలు నేల మీద కూడా కొన్ని చోట్ల ఈ ఎగబాకడం కనిపించింది, అయితే సాధారణంగా ఏడాదికి మీటరులోపే ఉంటుంది. మోడల్‌లో 30 శాతం అవకాశం పెట్టింది ఆ వేగాన్ని అదుపులో ఉంచడానికే.

పటంలో పట్టీలు అంకురిస్తున్నప్పుడు మధ్య మధ్య చిల్లులు ఉంటాయి. చిల్లు గడికి నీళ్ళున్నాయి, అటూ ఇటూ మొక్కలున్నాయి, కాబట్టి పూడుతుంది. పట్టీ అడ్డంగా అతుక్కునేది అలాగే. కింది గడులు మూడింటికీ కాకుండా సూటిగా ఒక్కదానికే నీరు పంపి చూడండి, నిలువు వరసల మధ్య ఈ పొత్తు ఎంత బలహీనపడుతుందో తెలుస్తుంది.

ఒక హెచ్చరిక: ఈ మోడల్‌లో పై అంచును కింది అంచుతో అతికించకండి, లేకపోతే గుట్ట కింది నీరు మళ్ళీ గుట్ట మీదికి ఎక్కుతుంది. కుడి ఎడమలు మాత్రం అతికించవచ్చు.

ఆరో అడుగు: కొలవండి

కంటికి నచ్చిందని వదిలేయకుండా మూడు కొలతలు తీయండి. పచ్చదనం శాతం సులువు. గుబుర్ల పరిమాణాలకు సైపైలోని లేబుల్ పనికొస్తుంది, ఆనుకుని ఉన్న గడులన్నిటికీ ఒకే నంబరు ఇస్తుంది. ఎడం కోసం ముందు పటంలోంచి పచ్చదనం సగటును తీసేసి, తర్వాత ఫోరియర్ లెక్క (ఏ ఎడం మళ్ళీ మళ్ళీ వస్తోందో చెప్పే లెక్క) వేసి, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర శిఖరం ఉందో చూడండి.

తర్వాత అవే మొక్కలను, ఒక్కటి కూడా తగ్గకుండా, పటం మీద ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి మళ్ళీ అదే ఫోరియర్ లెక్క వేయండి. శిఖరం పోవాలి. పటాన్ని 400 వరసలు, 400 నిలువులకు పెంచి మళ్ళీ చూడండి. ఎడం గడుల్లో మారకూడదు. మారితే మీ ఎడం నియమం నుంచి కాక పటం పరిమాణం నుంచి వచ్చింది. కనీసం పది రాండమ్ సీడ్లతో నడిపి చూశాకే ఎవరికైనా చెప్పండి.

చివరగా: పోయిన పచ్చదనం తిరిగి వస్తుందా?

మొదటి మోడల్‌కు తిరిగి రండి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన ప్రయోగం ఇది. గీటు 3 దగ్గర స్థిరపడ్డ చుక్కల పటం తీసుకుని గీటును 0.5 చొప్పున పెంచండి, ప్రతిసారీ స్థిరపడనివ్వండి. గుబుర్లు చిక్కుతాయి, కొన్ని పోతాయి, కానీ 7 దాకా ఎన్నో కొన్ని మిగులుతాయి. ఆ పైన 9 కల్లా ఒకటి వెంట ఒకటి రాలిపోతాయి. పటం మొత్తం బోడి.

ఇప్పుడు గీటును వెనక్కి దించండి. 7 దగ్గర ఏమీ లేదు. 5 దగ్గర లేదు. ఇంతకు ముందు గుబుర్లతో కళకళలాడిన 3 దగ్గరా లేదు. బోడి నేలకు స్కోరు సున్నా, కాబట్టి గీటు సున్నా కంటే కిందికి దిగేదాకా ఒక్క మొక్కా మొలవదు. పోవడానికి 8 దాకా ఆగిన పచ్చదనం, రావడానికి అంత దూరం వెనక్కి రావాలి. మొదటిసారి ఈ రెండు గ్రాఫులు పక్కపక్కన చూసినప్పుడు మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే మెట్ట నేలలు గుర్తొచ్చాయి. ఈ మోడల్ అక్కడి నేలను కొలిచి చేసింది కాదు, ఆ జిల్లా గురించి దీంతో ఏమీ తేల్చలేం. ఆ ప్రశ్న మాత్రం అడగవచ్చు.

బోడి పటం మీద, గీటు 6 దగ్గర, చేత్తో మొక్కలు నాటి చూడండి. ఒకే గడిలో నాటితే స్కోరు 1, మరుసటి విడతకే పోతుంది. పటం నిండా ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి అందనంత దూరంలో వంద నాటినా వందా పోతాయి. ప్లస్ గుర్తులా 5 కలిపి నాటినా పోతాయి. మూడు వరసల చదరంగా 9 కలిపి నాటండి. మూలలకు 7.77, మిగతావాటికి 9. నిలబడతాయి. గీటును 2 కి దించారంటే మరుసటి విడతలోనే ఆ 9 కాస్తా 21 అవుతాయి.